గడ్డకట్టే సూది

"రక్తం గడ్డకట్టడం" అన్న మాట ఎవరి నోట విన్నా ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు మండుతుంది. మాటలో తప్పేమీ లేదు. హైస్కూలు సైన్సు పుస్తకంలో ఉండే మాటే. వేలు తెగి నెత్తురు కారితే కాసేపటికి అది చిక్కబడి ఆగిపోతుంది కదా, దానికి పుస్తకాల వాళ్ళు పెట్టుకున్న పేరు. పెట్టుకుంటే పెట్టుకున్నారు. ఆ పేరు పట్టుకెళ్ళి ఒక పచ్చి బాలింత మంచం పక్కన నిలబడి చదవమని నాకు ఎవరు చెప్పారో, చెప్పగానే గంగిరెద్దులా తలూపి నేనెందుకు చదివానో ఇన్నాళ్ళూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. సగం సగం చెప్పాను. నాకు అనుకూలంగా ఉన్న సగమే చెప్పాను.

ఎనభైల నాటి సంగతి. నేను ఏఎన్ఎం నర్సు ట్రైనింగు అయిపోయి మాచర్ల వైపు ఒక సబ్ సెంటరులో కొత్తగా చేరాను. సబ్ సెంటరంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, ఒక బల్ల, పసిపిల్లల్ని తూచే తూకం, సిరంజీలు ఉడకబెట్టే స్పిరిట్ స్టవ్వు, గోడ మీద కుటుంబ నియంత్రణ బొమ్మ. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళతో పాటు నాపరాయి క్వారీల పక్కన ఉన్న కూలీల ఇళ్ళ వరస కూడా నా కిందికే వచ్చేది. ఆ ఇళ్ళకు గోడలూ నాపరాళ్ళే, పైకప్పూ నాపరాళ్ళే, కూర్చునే అరుగూ నాపరాయే. రోజంతా రాయి కొట్టిన మగవాళ్ళు తెల్లటి దుమ్ముతో వచ్చి ఆ రాళ్ళ మధ్యే పడుకునేవారు.

నాది రొంపిచెర్ల పక్కన పల్లెటూరు. మా అమ్మ మిరపచేలకు కూలికి వెళ్ళిన మనిషి. అంటే ఆ క్వారీ ఇళ్ళల్లో వాళ్ళు మాట్లాడే మాట నా ఇంటి మాటే. నెత్తురంటే నాకు నెత్తురే, రక్తం అన్నది నేను బళ్ళో నేర్చుకున్న మాట. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. నా మీద నాకున్న కోపానికంతా మూలం ఇదే.

ఆ ఏడాది మా పి.హెచ్.సి.కి కొత్త డాక్టరు వచ్చాడు. చదువు ముగించుకుని నేరుగా వచ్చినవాడు. బద్ధకస్తుడు కాదు, చెయ్యి చాచే రకం కాదు. అదే నా బాధ. దొంగ అయితే నాలుగు తిట్లు తిట్టి మరిచిపోయేదాన్ని. చదువుకునే రోజుల్లో, పుట్టి వారం తిరక్కుండానే నెత్తురు ఆగక చనిపోయిన బిడ్డల్ని కళ్ళారా చూశాడట. అందుకని పైవాళ్ళ వెంటపడి విటమిన్ కె ఇంజెక్షన్లు తెప్పించాడు. మా పరిధిలో పుట్టిన ప్రతి బిడ్డకూ పుట్టిన రోజే అది పడాలని పట్టుబట్టాడు. ఆ రోజుల్లో ఇళ్ళల్లో కాన్పయ్యే బిడ్డ కోసం అంత ఆలోచించిన డాక్టరు మా వైపు ఇంకొకడు లేడు. అది ఒప్పుకోవాలి, ఒప్పుకుంటాను.

నెలవారీ మీటింగులో మమ్మల్నందరినీ కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు. పుట్టిన బిడ్డ ఒంట్లో ఈ విటమిన్ చాలా తక్కువ ఉంటుంది. కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి సరిగా దిగదు. తల్లిపాలలోనూ తక్కువే. బిడ్డ పేగుల్లో తయారవడానికి రోజులు పడుతుంది. ఈలోగా ఏ కొందరికో బొడ్డు దగ్గర, కడుపులో, ఒక్కోసారి తలలోపల నెత్తురు కారడం మొదలవుతుంది. మొదలైతే దానంతట అది ఆగదు. పుట్టగానే తొడకు ఒక్క సూది వేస్తే ఆ గండం గడిచినట్టే. ఇంతవరకూ బంగారంలా చెప్పాడు. ఆ కె అనే అక్షరం ఎక్కడిదో కూడా చెప్పాడు. జర్మను భాషలో రక్తం గడ్డకట్టడానికి ఒక మాట ఉందట, దాని మొదటి అక్షరమట. మేం నోళ్ళు తెరుచుకుని విన్నాం.

ఆ తర్వాత, ఇళ్ళల్లో ఏం చెప్పాలో డిక్టేషన్ ఇచ్చాడు. నోటుపుస్తకాల్లో రాసుకున్నాం. "ఇది రక్తం గడ్డకట్టడానికి వేసే సూది. పుట్టిన బిడ్డకు రక్తం గడ్డకట్టే శక్తి తక్కువ కాబట్టి వేస్తున్నాము." ఇదీ వాక్యం. ఇదే చెప్పాలి, మీ సొంత కవిత్వం కలపొద్దు, నర్సులు నోటికొచ్చినట్టు చెప్పడం వల్లే జనం చెడిపోతున్నారు అన్నాడు. ఇంటివాళ్ళు వద్దంటే బలవంతం చెయ్యొద్దు, వద్దన్నట్టు వేలిముద్ర తీసుకోండి అన్నాడు.

మా వైపు గడ్డ అంటే ఏమిటో నాకు తెలియదా? చంకలో లేచేది గడ్డ, కడుపులో పెరిగేది గడ్డ, కోసి తీసేది గడ్డ. ఆ మాట వింటే బాలింతలు హడలిపోతారని అక్కడే అనిపించింది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ డాక్టరు ముందు లేచి నిలబడి "మా ఊళ్ళో అలా అనరు సార్" అంటే పల్లెటూరి మొద్దు అనుకుంటాడని భయం. ఆ వాక్యం నాకు నచ్చింది కూడా. నోట్లో పెట్టుకుంటే చదువుకున్నదాన్నన్న ధీమా వచ్చేది. నోరు మూసుకుని రాసుకున్నాను.

క్వారీ ఇళ్ళ వరసలో ఒక కోడలికి నెలలు నిండాయి. మొదటి కాన్పు. ఆ ఇంట్లో ముగ్గురే ఉండేవారు. రాయి కొట్టే మొగుడు, ఆ కోడలు, అత్త. అత్తకు యాభై దాటి ఉంటాయి. మనిషి గట్టిది, మాట పెళుసు. ఆ వరసలో అందరూ ఆమెను అత్తా అనే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. నొప్పులు మొదలవగానే మంత్రసానిని కాదని నాకు కబురు పెట్టింది ఆమే. తర్వాత ఆమెను ఎవరేమన్నారో చెప్పేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు. నర్సును నమ్మి పిలిపించిన మనిషి ఆమె.

పొద్దున్నే కాన్పయింది. ఆడపిల్ల. చక్కగా ఏడ్చింది, రంగు బాగుంది, తూకం బాగుంది. నేను బొడ్డు కోసి కట్టాను. అత్త కడుపున పుట్టినవాళ్ళంతా మగపిల్లలేనట. అత్త పిల్లను ఒళ్ళో పెట్టుకుని "ఏమే, ఇన్నాళ్ళు యాడున్నావే" అని మురిసిపోతూ ఉంది. నేను సంచిలోంచి సిరంజి తీశాను.

"ఏంది నర్సమ్మా అది?"

"సూది అత్తా. పాపకు."

"అప్పుడే పిల్లకు సూదేంది? ఏం జబ్బు చేసిందని?"

నేను నిటారుగా నిలబడి వాక్యం చెప్పాను. "ఇది రక్తం గడ్డకట్టడానికి వేసే సూది అత్తా. పుట్టిన బిడ్డకు రక్తం గడ్డకట్టే శక్తి తక్కువ."

ఆమె మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. "ఏం కట్టేదానికి?"

"రక్తం. గడ్డకట్టడానికి."

"నెత్తురు గడ్డకట్టేదానికి సూదేస్తావా? నా మనవరాలికి?"

పిల్లను కొంగులో చుట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. నేను అదే వాక్యాన్ని ఇంకాస్త గట్టిగా చెప్పాను. అర్థం కాని మాట గట్టిగా అరిస్తే అర్థమవుతుందని ఏ ట్రైనింగులో చెప్పారో నాకు. మంచం మీదనుంచి కోడలు, "అత్తా, ఆమె ఏదో మంచికే చెప్పుద్ది, ఇంకోపాలి ఇనరాదూ" అంది. "నువ్వు పడుకో" అంది అత్త. గడపలో నిలబడ్డ మొగుడు తల్లి మొహమూ నా మొహమూ చూసి బయటికి వెళ్ళిపోయాడు.

నాకు కోపం ముంచుకొచ్చింది. తెల్లవారకముందే లేచి పరిగెత్తుకొచ్చి కాన్పు చేస్తే నన్నే అనుమానిస్తారా అని ఉక్రోషం. "చదువు లేకపోతే ఇంతే" అన్నాను. ఆమె మొహం మీదే అన్నాను. అని, ఇంకు ప్యాడూ నోటుపుస్తకమూ తీసి ముందు పెట్టాను.

"వద్దంటే ఇక్కడ వేలిముద్ర వెయ్యి. రేపు ఏదన్నా అయితే నన్ననకూడదు."

"ఒకటి కాదు, పదేయమన్నా ఏస్తా. ఆ సూది మాత్రం నా పిల్లను తాకనియ్యను."

బొటనవేలు ప్యాడు మీద అద్ది, కాగితం మీద నొక్కింది. రాయి మోసిన వేలు, గీతలు సగం అరిగిపోయాయి. నేను దాని కింద తారీకు వేసి సంచి సర్దుకుని వచ్చేశాను. ఎందుకు వద్దంటున్నావు అత్తా అని ఒక్క మాట, ఒకే ఒక్క మాట అడగలేదు.

మూడో రోజు వెళ్ళి బాలింతనూ బిడ్డనూ చూడాలి, అది రూలు. వెళ్ళలేదు. ఆ రోజే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపు. ఆ రోజుల్లో మా బతుకంతా ఆ టార్గెట్టే. ఎంతమంది ఆడవాళ్ళను ఆపరేషనుకు తెచ్చావన్నదే లెక్క, పుట్టినవాళ్ళు ఎలా ఉన్నారని అడిగినవాడు లేడు. పుట్టనివ్వకుండా చేసే పని మీద ఉండి, పుట్టిన పిల్లను చూడటానికి తీరిక లేకపోయింది నాకు. క్యాంపు మర్నాడు కూడా అక్కడే సరిపోయింది. ఐదో రోజు పొద్దున వెళ్ళాను.

గుమ్మంలో అడుగుపెట్టేసరికి అత్త పిల్లను తొడల మీద పడుకోబెట్టుకుని బొడ్డు మీద పసుపు అద్దుతోంది. పక్కన తీసిపడేసిన గుడ్డపేలికలు మూడు. మూడూ ఎర్రగా తడిసి ఉన్నాయి. నేను వంగి చూశాను. బొడ్డు చుట్టూ సన్నగా ఊరుతోంది. తుడిస్తే మళ్ళీ ఊరుతోంది. ధారగా కారితే వాళ్ళే కంగారుపడి ఎక్కడికన్నా ఎత్తుకు పరిగెత్తేవారు. ఇది అలా కాదు, ఊరికే ఊరుతూనే ఉంది.

"ఎప్పటినుంచి?"

"పొద్దుటేలనుంచి. బొడ్డు ఊడేటప్పుడు కూసింత చెమ్మ వచ్చుద్దిలే అనుకున్నా" అంది అత్త.

కోడలు మంచం మీదనుంచి మెల్లగా అంది. "నిన్నట్నుంచి దొడ్డికి నల్లగా పోతాంది అక్కా. మొదట్లో నల్లగానే పోతారంటగా పిల్లలు. మా పిల్లకు మధ్యలో పచ్చగా తిరిగింది. మళ్ళీ నల్లగా అయింది. చెబితే అదేలే అన్నారు."

ఇరవయ్యేళ్ళు లేని పిల్ల, మొదటి కాన్పు, ఎవరూ ఏమీ చెప్పలేదు, తనంతట తను పట్టుకుంది. నల్లగా పోవడం కాదు, మళ్ళీ నల్లగా పోవడం. లోపల కూడా నెత్తురు కారుతోందని దానర్థం. నేను మూడో రోజో నాలుగో రోజో వచ్చి ఉంటే ఈ మాట నాకు చెప్పేది. ఆపరేషన్ల క్యాంపులో కుర్చీలు సర్దుతున్న నర్సుకు ఎవరు చెబుతారు.

పిల్లను చేతుల్లోకి తీసుకున్నాను. పాలిపోయింది. పాలు తాగడం లేదట, పొద్దుట్నుంచి నిద్రే నిద్రట. మాడు మీద చెయ్యి పెడితే మెత్తగా ఉండాల్సినది బిగుసుకుని పైకి ఉబ్బి ఉంది. తల లోపల కూడా కారుతోందన్నమాట. మందు నా సంచిలోనే ఉంది. ఐదు రోజులుగా నా సంచిలోనే ఉంది. సిరంజి తీసి మందు ఎక్కిస్తుంటే అత్త నా మణికట్టు పట్టుకుంది.

"మళ్ళీ ఆ గడ్డకట్టే సూదేనా?"

"అత్తా, వదులు."

"వదల్ను. మా పెద్దోడు అట్టనే పోయాడమ్మా. క్వారీలో పైనుంచి పలక జారి తలకు తగిలింది. నడుచుకుంటానే ఇంటికొచ్చాడు. మర్నాడు పడిపోతే పెద్దాసుపత్రికి తీసకపోయినం. డాక్టరే చెప్పాడు నాకు, నిలబెట్టి చెప్పాడు. తలకాయలో రక్తం గడ్డకట్టిందమ్మా, ఆలస్యం చేశారు, ఇంక మన చేతుల్లో లేదన్నాడు. నెత్తురు గడ్డకడితే మనిషి పోతాడని నాకు అక్కడే తెలిసింది. నువ్వేమో అది గడ్డకట్టేదానికే సూది తెచ్చినా అంటివి. ఒక బిడ్డను దానికిచ్చినదాన్ని, ఇంకో బిడ్డకు చేజేతులా ఏయించమంటావా?"

ఆ ఇంట్లో రక్తం, గడ్డకట్టడం అన్న ఆ రెండు మాటలూ పెద్దకొడుకు చావుకు పేరు. చదువు లేక కాదు, ఆమె వద్దన్నది. ఒక డాక్టరు చెప్పింది తు.చ. తప్పకుండా గుర్తు పెట్టుకుని వద్దంది. ఒక డాక్టరు నేర్పిన మాటను ఇంకో డాక్టరు డిక్టేషను ఇస్తే, దాన్ని మోసుకుని నేను ఆమె ఇంటికి వెళ్ళాను. మధ్యలో మూఢనమ్మకం ఎక్కడుందో ఎవరన్నా నాకు చూపించండి.

"అత్తా" అన్నాను, "నీ చెయ్యి తెగితే నెత్తురు కాసేపటికి ఏమయిద్ది?"

"ఏమయిద్ది. నిలిచిపోద్ది."

"పాపకు నిలవట్లేదు. నిలిపే మందు పిల్ల ఒంట్లో లేదు. ఇది నెత్తురు నిలిపే సూది."

ఆమె నా చెయ్యి వదిలేసింది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పిల్ల తొడ మీద గుడ్డ తనే పక్కకు తీసి పట్టుకుంది. నేను సూది వేసి దూది నొక్కుతుంటే, కోపంగా కూడా కాదు, మామూలుగా అడిగింది.

"ఆ మాట ఆ పొద్దే చెప్పలేదేంది నర్సమ్మా?"

నేను సంచి భుజాన వేసుకుని బండి కోసం క్వారీలోకి పరిగెత్తాను.

క్వారీలో రాళ్ళు ఎక్కించుకుంటున్న లారీ ఒకటి ఉంది. డ్రైవరు టౌనులో ఉండే భాయ్. సంగతి చెప్పగానే ఎక్కించిన పలకలు ఎక్కించినట్టే ఉంచి, మిగతా పని వదిలేసి బండి తీశాడు. ముందు సీట్లో అత్త, ఒళ్ళో పిల్ల, పక్కన నేను. మొగుడు వెనక రాళ్ళ మీద కూర్చున్నాడు. పచ్చి బాలింతను ఆ కుదుపుల్లో తీసుకురావద్దని ఇంట్లోనే వదిలేశాం. లారీ కదులుతుంటే కోడలు గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. రవికె పాలతో తడిసిపోయి ఉంది.

దారి పొడుగునా అత్త బొడ్డు మీద గుడ్డ ఎత్తి ఎత్తి చూస్తూనే ఉంది. టౌను దగ్గరపడుతుండగా పిల్ల కుడి చెయ్యి రెండుసార్లు కొట్టుకుంది, ఆగిపోయింది. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు పరిగెత్తుకొచ్చి లోపలికి తీసుకున్నాడు. ఆయన చెయ్యాల్సినదంతా చేశాడు. మధ్యాహ్నం దాటకముందే పిల్ల పోయింది.

బయటికొచ్చి వరండాలో మా ముందు నిలబడ్డాడాయన. "అమ్మా, బిడ్డకు తల లోపల రక్తం గడ్డ..."

"సార్, ఆ మాట అనొద్దు" అని అరిచాను. వరండాలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఒక ఏఎన్ఎం డాక్టరు మాటకు అడ్డం పడి అరవడం వాళ్ళెప్పుడూ చూసి ఉండరు. అప్పటిదాకా ఎవరి ముందూ గొంతు ఎత్తినదాన్ని కాదు నేను. మీటింగులో ఎత్తాల్సిన గొంతు అక్కడ ఎత్తాను. "నెత్తురు పోయిందని చెప్పండి సార్. తలలో నెత్తురు కారిపోయి, నిలవక పోయిందని చెప్పండి. అదే కదా నిజం. ఆ గడ్డ అనే మాట ఈమె ముందు తేవొద్దు." ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, "నెత్తురు నిలవలేదమ్మా. తల లోపల కారింది. ఆ సూది పుట్టిన రోజే పడుంటే ఆగేది" అన్నాడు.

అత్త ఏడవలేదు. చేతిలో ఉన్న గుడ్డపేలిక నా ముందుకు చాపింది. దారిలో మార్చిన ఆఖరి గుడ్డ.

"చూడు. అంటలేదు. బొడ్డు నిలిచింది."

నిజమే. గుడ్డ పొడిగా ఉంది. సూది పని చేసింది. తల లోపల అంతకుముందే జరగాల్సింది జరిగిపోయింది.

నెలాఖరు మీటింగులో మా పి.హెచ్.సి. డాక్టరు నన్ను గదిలోకి పిలిచాడు. బల్ల మీద శిశుమరణం రిపోర్టు ఫారం ఉంది. దాని పక్కన నా నోటుపుస్తకం, అందులో అరిగిన గీతల వేలిముద్ర. ఇంజెక్షన్లు తెప్పించి గట్టిగా రెండు నెలలు కాలేదు, అప్పుడే ఆ సూదితో ఆగాల్సిన చావు ఒకటి ఆయన రికార్డుల్లోకి ఎక్కింది. మొహం మాడ్చుకుని ఉన్నాడు. నేను నిలబడే జరిగిందంతా చెప్పాను. పెద్దకొడుకు సంగతి చెప్పాను, గడ్డ సంగతి చెప్పాను, నెత్తురు నిలిపే సూది అనగానే ఆమె చెయ్యి వదిలేసిన సంగతీ చెప్పాను.

"అయితే నేను రాయించిన మాట వల్ల బిడ్డ పోయిందంటావా?"

అవును అనాలి. అవును సార్, మీరు రాయించిన మాట వల్లా, ఆ మాట తప్పని తెలిసీ దాన్ని చిలకలా అప్పజెప్పిన నా వల్లా అనాలి. అనలేదు. నేలచూపులు చూశాను.

"కారణం గడిలో రాయి. కుటుంబ సభ్యులు మూఢనమ్మకం వల్ల చికిత్స నిరాకరించారు."

కలం పట్టుకుని అలాగే ఉన్నాను. ఆయన గొంతు తగ్గించాడు.

"పోనీ, మూడో రోజు విజిట్‌కు నర్సు ఎందుకు వెళ్ళలేదో కూడా రాద్దామా?"

క్యాంపుకు పంపింది ఆయనే. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ కాగితం మీద క్యాంపు పేరు ఉండదు, నా పేరు ఉంటుంది. నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. నా చేత్తో, నా దస్తూరితో, ఆ వాక్యం రాశాను. కింద సంతకం పెట్టాను. వేలిముద్ర ఉన్న కాగితం చింపి దానికి పిన్ను కొట్టాడు.

ఆ రోజు నుంచి ఆయన వాక్యాన్ని నేను మళ్ళీ నోట పలకలేదు. వెళ్ళిన ప్రతి ఇంట్లో "నెత్తురు నిలిపే సూది" అన్నాను. ఒక్కరంటే ఒక్కరు వద్దనలేదు. వేలిముద్రల నోటుపుస్తకం మళ్ళీ తెరవాల్సిన అవసరమే రాలేదు. మూడు మాటలు మారిస్తే పోయే మూఢనమ్మకం ప్రపంచంలో ఎక్కడైనా ఉంటుందా? మా డాక్టరు మాత్రం, జనంలో చైతన్యం వచ్చింది అని మీటింగులో మెచ్చుకున్నాడు. నాకు ఎక్కడ కాలాలో అక్కడ కాలింది.

క్వారీ ఇళ్ళకు వెళ్ళాలంటే చాలాకాలం మొహం చెల్లేది కాదు. అయినా ఆ వరసలో ఎవరికి నెలలు నిండినా నాకు ముందే తెలిసేది, ఎందుకంటే కబురు పంపేది అత్తే. ఒక్కోసారి తనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది. "పుట్టంగానే నర్సమ్మ నెత్తురు నిలిపే సూదేసుద్ది, ఏయించుకోండి, నాలెక్క చేసుకోబాకండి" అని నా ముందే వాళ్ళకు చెప్పేది. నా కాగితంలో మూఢనమ్మకం అని ఎక్కిన మనిషి, ఆ చుట్టుపక్కల నాకంటే డాక్టరుకంటే ఎక్కువమందికి ఆ సూది వేయించింది.

రెండేళ్ళు తిరక్కముందే కోడలు మళ్ళీ కనింది. ఈసారీ ఆడపిల్లే. పట్టపగలు, ఆ రాతి ఇంట్లోనే, ఆ మంచం మీదే. నేను ఏమీ చెప్పక్కర్లేకపోయింది. పిల్లను తుడవగానే అత్త తొడ మీద గుడ్డ పక్కకు తీసి పట్టుకుని కూర్చుంది. మంచం మీదనుంచి కోడలు కన్నార్పకుండా నా చేతుల్నే చూస్తోంది. నేను మందు సీసా మూతి విరిచి సిరంజిలోకి లాగుతున్నాను.

"నర్సమ్మా, ఒకటడుగుతా" అంది అత్త.

"అడుగు అత్తా."

"అప్పుడు ఆ పిల్ల పోయినప్పుడు పైకి కాయితం రాసుంటారుగా. ఎందుకు పోయిందని రాశారమ్మా?"

మందు వైపే చూస్తూ, "నెత్తురు నిలవక పోయిందని రాశాం అత్తా" అన్నాను.

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. చేతిలో పిల్లను కొంచెం దగ్గరికి జరుపుకుంది.

"అంతేనా. నా యేలిముద్ర ఉందిగా అందులో. నేనే సంపుకున్నానని రాశారేమోనని ఇన్నాళ్ళు కుమిలిపోయినా."

ఆమె మొహం చూడకుండా వంగి పిల్లకు సూది వేశాను. నేను రాసింది అదే.